యాపమండ సెలవు

నా నోరు మంచిది కాదని మా ఆయన పెండ్లయిన కొత్తలనే తేల్చిండు. ఇంతవరకు ఆ తీర్పు మార్చలె. కాబట్టి ఈ సంగతి నేను చెప్తుంటే మర్యాదగ వస్తదని ఎవ్వరు ఆశ పెట్టుకోవద్దు. మేస్త్రీలకు నాలుగు మాటలు పడుతయి, మా సొంతోళ్లకు పడుతయి, దేవతలకు గూడ పడుతయి. పడనియ్యుండ్రి.

తొంభైల చివర్ల ముచ్చట ఇది. మాదాపూర్ గుట్టలను మందు పెట్టి పేల్చి, ఆ జాగల అద్దాల బిల్డింగులు లేపుతున్న దినాలు. పాలమూరు దిక్కు కెల్లి ఒక లారీల మేము వచ్చి దిగినం. నేను, మా ఆయన, మా అన్న, వదిన, మా అవ్వ. మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటం, ముసలమ్మ అనుకునేరు. అప్పటికి మా అవ్వ నెత్తి మీద ఇటుకలు పెట్టుకొని మెట్లెక్కితే ఎన్కొచ్చే పోరగాండ్లకు ఆయాసం వచ్చేది.

కొండాపూర్ పోయే తొవ్వల ఒక పెద్ద బండ ఎన్క మా క్యాంపు ఉండె. క్యాంపు అంటే ఏమో అనుకోకుండ్రి. వరసగ రేకుల రూములు, రూముకు రూముకు నడుమ ఒక్కటే రేకు. ఇటు దిక్కు తుమ్మితే అటు దిక్కు కెల్లి "సల్లగుండు" అనేటోళ్లు. మొగుడు పెండ్లాం కొట్లాడుకుంటే తప్పెవలదో క్యాంపంత కలిసి చెప్పేది. ఒక్క రూముల మేము అయిదుగురం. ఎండకాలం మగోళ్లు పోయి బండ మీద పండుకునేది, మేము లోపల ఉడికేది.

మేము కట్టేది కంప్యూటర్ల కోసమంట. వాటికి ఎప్పుడు చల్లగ ఉండాలెనంట, లేకుంటే అవి అలిగి పని చెయ్యవంట. ఆ మాట ఇన్ననాడు మా వదిన నెత్తి మీది తట్ట దించి మరీ నవ్వింది. "అవునే పిల్లా, డబ్బాలకు చల్లగాలి, మనకు రేకుల ఉడుకా? వచ్చే జన్మల నేను డబ్బనే పుడుత" అన్నది. మా వదిన నవ్వితే పక్క ఫ్లోరుల రాడ్లు వంచేటోళ్లు గూడ నవ్వేటోళ్లు, ఎందుకో తెల్వకున్నా.

అప్పుడామెకు కడుపు. ఇంతకుముందు రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయినయి. ఈసారి నిలబడ్డది, ఎనిమిదో నెలల పడ్డది. మా అన్న పెండ్లాంతోటి మాట్లాడుడు బంద్ చేసి పొద్దుమాపు కడుపుతోటే మాట్లాడేటోడు. మా అవ్వయితే వదిన తుమ్మినా లెక్క రాసుకున్నట్టు చూసేది. పనికి పోవద్దంటే గడవదు గనుక, మేస్త్రీని బతిమాలి బరువులు ఎత్తకుండ స్లాబు మీద నీళ్లు పట్టే పని పెట్టిచ్చింది. ఆ ఏడాది మా ఇంట్ల అందరికి ఉన్న కోరిక ఒక్కటే, ఆ పిల్ల సక్కగ భూమ్మీద పడాలె. ఇంకేం అడగలె మేము. బంగ్లాలు అడగలె, డబ్బాలకు ఇచ్చే చల్లగాలి అడగలె.

గప్పుడే తల్లి వచ్చింది. ఒళ్లంత జరమొచ్చి, నీటి పొక్కులు లేస్తే దాన్ని మేము రోగమనం. తల్లి పోసింది అంటం. పోచమ్మ తల్లి ఒంటి మీదికి వచ్చి కూసున్నదని లెక్క. ఇంటి ముంగట యాపమండలు కడతం. ఆ మండ కనవడ్డదంటే బయటోళ్లు లోపలికి రారు, లోపలోళ్లు బయటికి పోరు. పోపు పెట్టం, కూర వండం, సూది ఇప్పియ్యం. తల్లి ఉండేటన్ని దినాలు ఉంటది, ఆ తర్వాత యాపాకు పసుపు నీళ్లు పోసుకొని, సల్లబువ్వ పెట్టి సాగనంపుతం. మా తాత ముత్తాతల కెల్లి గిదే కానూన్.

తల్లి ముందుగాల మా మీదికి రాలె. సైటు ఇంజనీరు సారు మీదికి వచ్చింది. ఆయనది గోదావరి దిక్కు. మంచోడే. తిట్టినా అండి పెట్టి తిట్టేటోడు, "ఏంటండీ, ఇదేనా పని చేసేది?" అని. ఒకనాడు మొకం నిండ పొక్కులతోటి సైటుకు వచ్చి, పూట కూడ ఉండకుండ ఎల్లిపోయిండు. మియాపూర్ల ఆయనకు కిరాయి ఇల్లు. వాళ్లావిడ గేటుకు యాపమండలు కట్టిందంట. ఆఫీసోళ్లు ఫోన్ చేసి రెస్ట్ తీసుకోండి సార్ అన్నరంట. తెల్లారి కారొచ్చింది, ఆయనను పండవెట్టుకొని వాళ్లమ్మ కాడికి తోల్కపోయింది. గిదంత మాకు చెప్పింది వాళ్లింట్ల గిన్నెలు తోమి బట్టలు ఉతికే మా పక్క రూమామె. ఆయన పండుకున్న దుప్పట్లు ఉతికింది గూడ ఆమెనే. సారు కారుల పోయిండు. తల్లికి కారుల జాగ దొరకలేదేమో, ఆమె ఎంబడి నడుసుకుంట మా క్యాంపుకు వచ్చింది.

మొదలు పక్క రూమామె పిల్లలకు పోసింది. తర్వాత వాళ్ల నాయనకు. అటెన్క ఒక్కో రేకు దాటుకుంట వచ్చింది. దాటనీకి ఏముంది, ఒక్కటే రేకాయె.

ఊరికి పోతమని కొందరు మూటలు కట్టిన్రు. మా మేస్త్రీ తొవ్వకు అడ్డం నిలవడ్డడు. "పోతే మళ్ల ఈ మొకాన రాకుండ్రి" అన్నడు. బిల్డింగు తెరిచే తారీఖు దగ్గర పడుతున్నదంట, పెద్ద పెద్దోళ్లు వచ్చి రిబ్బన్ కత్తిరిస్తరంట, వాళ్లు వచ్చేసరికి పై స్లాబు కావాలెనంట. మేస్త్రీ మా జిల్లోడే. మావోడు గనుకనే మమ్మల్ని ఎక్కువ తిట్టేటోడు. పొద్దుగాల కట్టె తీస్కొని రేకుల మీద దరువు ఏసుకుంట వచ్చేటోడు. "పొక్కులు ఒంటికొచ్చినయి గని చేతులకు రాలె గదా! లేవుండ్రి, లేవుండ్రి!" జరంతోటి మూలుగుతున్న ఒకాయనను అట్లనే లేపి రాడ్లు మోపిచ్చిండు. ఆయన పై ఫ్లోరుల కండ్లు తిరిగి కూలబడ్డడు. కింద పడకపోవుడు మా అదృష్టం.

ఇగ మా అవ్వకు లేసింది కోపం. రోడ్డు పొంటి ఉన్న యాప చెట్టు మండలు ఇరుసుక వచ్చి, తల్లి పోసిన ప్రతి రూముకు కట్టింది. పసుపు నీళ్లు చల్లింది. తెల్లారి మేస్త్రీ కట్టె పట్టుకొని రాంగనే పక్క రూము తలుపు కాడికి పోయి, "దా నాయినా, లోపటికి దా. తల్లి కూసున్నది. నువ్వే లేపు" అన్నది.

మేస్త్రీ చేతుల కెల్లి కట్టె జారింది. చెప్పులు ఇడిచిండు. రేకుల తలుపుకు రెండు చేతులు జోడిచ్చి, చెంపలేసుకొని, ఎన్కకు ఎన్కకు నడుసుకుంట పోయిండు. తల్లికి ఈపు చూపెట్టొద్దు గదా. ఏ ఆఫీసరు ఇప్పియ్యని సెలవు రెండు యాపమండలు ఇప్పిచ్చినయి. మా అవ్వ ఆ పొద్దు ఎలక్షన్ గెలిచినట్టు తిరిగింది.

మావోళ్లకు తెలివి తక్కువేం లేదు. రెండోనాటికి చూస్తే క్యాంపుల ప్రతి తలుపుకు యాపమండనే. మోకాళ్లు గుంజేటాయన కట్టిండు. మామతోటి పంచాయితి ఉన్నామె కట్టింది. కొత్తగ పెండ్లయిన జంట కట్టుకున్నరు, వాళ్లకు ఏం రోగమో అందరికి ఎరికె. మా ఆయన గూడ కట్టిండు. ఆయనకు తల్లి కల్లు కాంపౌండు కెల్లి వచ్చింది. రోడ్డు పక్క చెట్టు బోడి గుండయి నిలవడ్డది.

మా అవ్వ మొదలు నెత్తి కొట్టుకున్నది. "తల్లితోటి పరాచికాలాడుతున్నర్రా, పాడుగాను!" అన్నది. జరసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. "పోనీయ్ తియ్. పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి వీళ్లు ఒక్క పగలన్న పండుకున్నరా?" అని ఊకున్నది. ఆమె చెప్పింది నిజం. పగటి పూట కాళ్లు చాపుకొని పండుకునుడు నా జిందగీల అదే మొదలు. మగోళ్లు పత్తాలాడిన్రు, మేము అష్టాచెమ్మ ఆడినం. మా అన్న వదిన కాళ్లకు నూనె రాసిండు, సిగ్గులేకుండ అందరి ముంగట. నిజం చెప్పాల్నంటే ఆ నాలుగొద్దులు మాకు పండుగ లెక్కనే పోయినయి.

మొన్నమొన్న పెద్ద రోగం వచ్చి అందరు ఇంట్లనే ఉండుండ్రి, దూరం దూరం ఉండుండ్రి అని టీవీల పొద్దంత చెప్పిన్రు గదా. నాకు ఇంత నవ్వొచ్చింది. ఇంట్ల ఉండనీకి ముందుగాల ఇల్లుండాలె, దూరం ఉండనీకి జాగుండాలె. మేము ఇంట్ల ఉంటమని యాపమండల దొంగతనం చేసినోళ్లం.

మా తెలివికి మేమే మురుసుకుంటుంటే బయట ఇంకోటి నడిసింది. పక్క ఊరోళ్లు మా క్యాంపు దిక్కు చూస్తే ఏం కనవడుతది? తలుపు తలుపుకు యాపమండ. వాళ్లకు అన్ని నిజమే. ఊరి బోరింగు కాడికి మేము బిందె పట్టుకొని పోతే ఆడోళ్లు పిల్లలను గుంజుకొని ఇండ్లల్లకు ఉరికిన్రు. కిరాణ షాపాయన ఉప్పు పొట్లం మట్టిల పెట్టి, మేము తీసుకునేదాక లోపలికి పోయి నిలవడేటోడు. మా తొవ్వకు అడ్డంగ వాళ్లు గూడ ఒక యాప తోరణం కట్టిన్రు. దాని అవతల ఊరు, ఇవతల మేము. కొత్తగూడ చౌరస్తా కాడ ఆటోలోళ్లు క్యాంపు పేరు ఇంటేనే బండి స్టార్ట్ చేసి మాయమయ్యేది. బస్సు కండక్టర్ మమ్మల్ని చూసి సీటీ కొట్టేటోడు, ఎక్కుమని కాదు, పోనియ్యుమని. మేము మోసే కంకర గని, మేము పోసే స్లాబు గని ఎవ్వలు వద్దనలె. కంకరకు తల్లి పొయ్యదు గదా.

వాళ్లను ఏమంటం? వాళ్లకు పిల్లలున్నరు.

వదినను తలుపు దాటనియ్యొద్దని మా అవ్వ గట్టి ఆర్డర్ వేసింది. కాని ఎన్మిదో నెల మనిషి ఆ రేకుల కింద పొద్దంత ఎట్ల కూసుంటది? కొత్త జంట ఉన్నరని చెప్పిన గదా, ఆ పిల్ల చేతికి నెత్తి దువ్వించుకుంటే నిద్రొచ్చేది. అంత సుతారం. వాళ్లది ఉత్తుత్తి మండ అని క్యాంపంత జోకులే గనుక, వదిన రోజు వాళ్ల రూముకు పోయి ఆ పిల్ల ముంగట కూసునేది. ఒకనాడు ఆ పిల్ల దువ్వెన పట్టుకొని ఏడుపు మొకం పెట్టింది. "అక్కా, మా ఆయనకు నిజంగనే పోసిందక్కా" అన్నది. మేము పగలబడి నవ్వినం. "అవునవును, మీకు పోసింది ఏం తల్లో మాకు తెల్వదా?" అని వదిన ఆ పిల్ల గదమ పట్టి ఊపింది. మూలకు దుప్పటి కప్పుకొని పండుకున్న పిలగాడు వణుకుతున్నడు. సిగ్గుపడుతున్నడనుకున్నం.

నేను గూడ ఆన్నే ఉన్న. నేను గూడ నవ్విన.

ఉత్త మండకు నిజం మండకు ఫరకు తెలిసేటట్టు లేకపోయె. తల్లికి మొక్కి దూరం ఉండే కానూన్ ఉన్న మనుషులం, తలుపు తలుపుకు మండ కట్టుకొని ఆ కానూన్‌నే ఎత్తకపోయి సెలవుల కింద ఖర్చు చేసినం. అట్ల మా అసోంటోళ్లే చేస్తరు. సెలవున్నోళ్లకు ఆ అక్కర ఏముంటది?

కొన్నొద్దులకు మండలు ఎండినయి. పైనోళ్లు మేస్త్రీకి ఏం చెప్పిన్రో, తల్లి కంటె వాళ్ల భయం ఎక్కువైంది, వచ్చి అందర్ని లేపిండు. మేము మళ్ల పనికి వడ్డం. వదిన మళ్ల స్లాబు మీద నీళ్లు పట్టుడు మొదలుపెట్టింది. అటెన్క ఒకనాడు పొద్దుగాల ఆమెకు జరం కాసింది. అవ్వ చెయ్యి పెట్టి చూసి, ఏడ ఎతికిందో, పచ్చి యాపమండ తెచ్చి తలుపుకు కట్టింది.

మేస్త్రీ వచ్చి చూసి, ఈసారి చెప్పులు ఇడవలె. నవ్విండు. "మళ్ల మొదలువెట్టినవా ముసల్దానా? ఎన్నిసార్లు మొక్కాలె నీ చెట్టుకు?" అని ఆ మండ పీకి అవతల పారేసిండు. అవ్వ ఉరికి ఆ మండ ఏరుకున్నది. "నాయినా, ఇది నిజం. నా కోడలు మీద ఒట్టు" అన్నది. వాడు ఇనలె. ఎందుకింటడు, మేము ఇననిచ్చినమా? పంచాయితి వద్దని వదిననే లేసి కొంగు నెత్తి మీద కప్పుకున్నది. "ఒక్క పూటనే గదత్తా, నీళ్లు పట్టి వస్త" అని ఎండల పోయింది. మాపటికి మెడ మీద, రొమ్ము మీద పొక్కులు లేసినయి. తెల్లారి మేస్త్రీ వాటిని చూసిండు, తలకాయ కిందికి ఏసుకొని పోయిండు. వాన్ని నేను తిట్టిన తిట్లు ఈడ రాస్తే కాగితం కాలుతది.

మూడొద్దులకు దగ్గు మొదలైంది. నవ్వుతోటి స్లాబులు అదరగొట్టిన మనిషి ఒక్క మాట చెప్పనీకి నడుమ నడుమ ఆగుతున్నది. పిల్ల కదులుతున్నది గనుక మా అన్న కడుపు మీద చెయ్యి తియ్యకుండ కూసున్నడు. దవాఖానకు తీస్కపోదమని నేను అన్న. అవ్వ ఇంతెత్తున లేసింది.

"తల్లి ఒంటి మీద ఉండంగ సూది పొడిపిస్తవా? అలిగి పిల్లను తీస్కపోతే నువ్వు తెచ్చిస్తవా?"

"అలగనీకి ఆమెకేం కష్టమొచ్చిందే? కష్టం వదినకు గదా!" అని నేను గూడ ఒర్రిన. అవ్వ నన్ను చెంప మీద కొట్టింది. పెండ్లయినంక అదే మొదటి దెబ్బ. ఆమెకు నేనంటే కోపం లేదు, ఆమెకు భయం. రెండుసార్లు పోయిన కడుపులు ఆమె కండ్ల ముంగటనే ఉన్నయి.

మర్నాడు పొద్దెక్కినంక వదిన గోడ పట్టుకొని కూసొని, "అత్తా, దమ్ము వస్తలే" అన్నది. పెదవులు నీలిగ ఉన్నయి. అవ్వ ఆమె మొకం చూసింది. లేసి బయటికి పోయింది. క్యాంపు ఎన్క మేము పసుపు పూసి పోచమ్మ అని నిలవెట్టుకున్న రాయి ఉండె, దాని ముంగట నిలవడి ఏమో చెప్పి వచ్చింది.

"తీస్కపోండ్రి."

"తల్లి ఏమన్నది?" అని మా అన్న అడిగిండు, పిచ్చోని లెక్క.

"నేను అడిగిన్నా? చెప్పిన, అంతే."

ఇగ బండి కావాలె. మా అన్న చౌరస్తాకు ఉరికిండు. ఒక్క ఆటో నిలవలె. క్యాంపు అనకుండ ఇంకోటి చెప్పినా, మా బట్టల సిమెంటు చూసి గుర్తుపట్టేటోళ్లు. సైటు జీపు డ్రైవర్‌ను బతిమాలితే పైసార్లను అడగాలె అన్నడు, పైసార్లు మీటింగుల ఉన్నరంట. మేము కట్టిన బిల్డింగు అద్దాలల్ల మా అన్న అటు ఇటు ఉరుకుడు కనవడుతున్నది. నాకు ఆ అద్దాలను రాళ్లేసి పలగ్గొట్టాలనిపించింది.

గప్పుడే పుప్పాలగూడ దిక్కు కంకర మిల్లు కెల్లి ఒక టిప్పర్ వచ్చింది. డ్రైవర్ కొత్తోడు, మా సంగతి తెల్వదు. వాడు కంకర దించేలోపల మా అవ్వ క్యాంపంత ఉరికి, ఏ తలుపుకు ఎండిన మండ కనవడితే ఆ తలుపు కెల్లి పీకి పొయ్యిల తోసింది. ముడుపు కట్టినట్టు కట్టిన చేతులతోటే పీకింది. క్యాంపంత యాపాకు పొగ. నేను వదిన మొకం మీదికి కొంగు కప్పి, "అన్నా, మా వదినకు నొప్పులొస్తున్నయి, జర దవాఖానల దింపే" అని కాళ్ల మీద పడ్డ. "అయ్యో, ఎక్కుండ్రి ఎక్కుండ్రి" అన్నడు పాపం.

ముంగట క్యాబిన్‌ల ముగ్గురం కూసున్నం. చౌరస్తా దాటినం. ఒక గుంతల బండి ఎగిరితే వదిన కొంగు జారింది. డ్రైవర్ ఆమె మెడ దిక్కు చూసిండు. బ్రేక్ కొట్టిండు.

"అక్కా, ఇదేందక్కా?"

నేను కొంగు మళ్ల వదిన మెడ మీదికి గుంజిన. నా అంత నోరున్నదానికి మాట రాలె.

"నాకు నెలల బిడ్డ ఉందక్కా" అన్నడు. స్టీరింగు పట్టుకొని అట్లనే కూసున్నడు. దిగుమంటడనుకున్న. మా అన్న అప్పటికే చేతులు జోడిచ్చిండు. డ్రైవర్ దిగుమనలె. కండ్లు తుడుసుకొని, "ఎన్క కూసోండ్రి. దింపుత, కాని ఎన్క కూసోండ్రి" అన్నడు.

అట్ల మా వదిన టిప్పర్ ఎన్క, కంకర దుమ్ముల పట్నం పోయింది. మా అన్న ఆమె నెత్తి ఒళ్ల పెట్టుకున్నడు. నేను నా కొంగు రెండు చేతులతోటి ఎత్తి పట్టుకొని ఎండ తగలకుండ నిలవడ్డ. గుంత వచ్చిన కాడల్ల డ్రైవర్ బండిని మెల్లగ, పిల్లను ఉయ్యాల్ల ఊపినట్టు గుంతల దించి ఎక్కిచ్చిండు. తొవ్వ పొంటి కార్లల్ల పోయేటోళ్లు మమ్మల్ని చూసి అద్దాలు ఎక్కిచ్చుకున్నరు.

పెద్ద దవాఖానల లేడీ డాక్టరు, చిన్న పిల్లనే, వదిన ఈపు మీద గొట్టం పెట్టి ఇని, నా మీద కస్సుమన్నది. "ఇన్ని రోజులు ఏం చేశారమ్మా? ఊపిరితిత్తులకు పాకింది. కడుపుతో ఉన్న మనిషిని ఇంత ఆలస్యంగానా తెచ్చేది?" ఆమెను కొట్టాలనిపించింది. ఆమె తప్పేం లేదు. అయినా కొట్టాలనిపించింది. ఏం చేసినమంటే ఏం చెప్పాలె, పత్తాలాడినం, నవ్వినం, బండి కోసం ఉరికినం.

ముక్కుకు గాలి పెట్టిన్రు, సూదులు పొడిసిన్రు. తెల్లారకముందే నొప్పులొచ్చినయి, ఈసారి నిజం నొప్పులు. ఆడపిల్ల పుట్టింది. దోసిట్ల పట్టేటంత ఉన్నది. నెత్తినిండ ఎంటికలు. మా అన్నను దూరం కెల్లి చూడనిచ్చిన్రు, ఆయన అద్దం అవతల కెల్లి ఏమేమో ముచ్చట చెప్పిండు, కడుపుకు చెప్పినట్టే. ఆ పిల్ల ఒక్క పగలు బతికింది. పొద్దుగూకే యాళ్లకు పోయింది.

వదిన బతికింది. మెల్లగ దమ్ము తిరిగింది. మూడు వారాలకో ఏమో ఇంటికి తెచ్చినం. పాలు ఇంకా ఆగలె. జాకెట్టు తడిసేది, ఆమె ఎవ్వలకు చెప్పకుండ మూలకు పోయి పిండుకునేది. నవ్వు మాత్రం దవాఖానలనే మర్సి వచ్చింది.

తల్లిని సాగనంపుడు బాకీ ఉన్నది. అవ్వ యాపాకు నీళ్లు కాచి వదినకు తానం చేయిచ్చింది. బువ్వల సల్ల కలిపి, ఉల్లిగడ్డ పెట్టి, చిన్న కుండల సర్దింది. "మనిషిని ఇడిచిపెట్టింది గదా, పెట్టాలె బిడ్డా. మల్లొకసారి రాకుండ పెట్టాలె" అని బతిలాడినట్టు చెప్పింది. వదిన కుండ అందుకున్నది. క్యాంపంత ఎంబడి వచ్చింది. నెత్తి దువ్వే పిల్ల, వాళ్లాయన, పక్క రూమామె, మా ఆయన. ఉత్తుత్తి మండలు కట్టినోళ్లంత తలకాయలు కిందికి ఏసుకొని దూరంగ నిలవడ్డరు.

వదిన ఆ పసుపు రాయి ముంగట నిలవడ్డది. కుండ దించుతదని చూస్తున్నం. దించలె.

"ఏమే," అన్నది. తల్లీ అనలె, అమ్మా అనలె. ఎగిరి దుంకే కోడలితోటి అన్నట్టు, ఏమే అన్నది. "ఏమే, కూసోనీకి నా రేకుల రూముల జాగ లేదని నా కడుపుల కూసుంటివా? పుట్టినకాడికెల్లి నాదంటు నాకు ఉన్న జాగ గదొక్కటే. అది గూడ నా బిడ్డకు ఇచ్చిన. అందుల నీకేం పని ఉండెనే? సిగ్గులేదా నీకు?"

మగోళ్లు చెంపలేసుకున్నరు. పోచమ్మను ఏమే అన్న మనిషిని మేమెవ్వలం చూడలె. మా అవ్వ ఆ రాయికి దండం పెట్టకుండ పొద్దుగాల చాయ్ గూడ తాగని మనిషి. ఉరికిపోయి వదిన నోరు మూస్తదనుకున్న.

అవ్వ పోయింది. వదిన చేతుల కెల్లి కుండ అందుకొని కింద పెట్టింది. రాయికి ఈపు తిప్పి, కోడలు కాళ్ల కాడ మట్టిల కూలబడ్డది.

"ఇంకా అను బిడ్డా" అన్నది.